స్ట్రీట్ టైర్ల మీద మాన్యువల్ బండి లాంచ్: టైమ్ అంతా మొదటి 18 మీటర్లలోనే పోతోంది

జడ్చర్ల బూస్టర్ | జడ్చర్ల | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నా బండి 2018 బలెనో ఆర్‌ఎస్. 1.0 టర్బో పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్, టైర్లు కంపెనీ సైజే, 195/55 ఆర్16. ఇంజన్‌లో ఏ మార్పూ లేదు, ఎయిర్ ఫిల్టర్ కూడా కంపెనీదే. మొన్న చెన్నై దగ్గర ట్రాక్ మీద ఒక డ్రాగ్ మీట్‌కు (నిలబడిన చోటి నుంచి 402 మీటర్లు తిన్నగా పోయే పందెం) వెళ్లొచ్చాను. వాళ్లిచ్చిన చీటీలో 402 మీటర్ల టైమూ, చివరి గీత దగ్గర వేగమూ తప్ప ఇంకేం ఉండవు. అందుకని డ్యాష్‌బోర్డు మీద డ్రాగీ (జీపీఎస్‌తో టైమ్ కొలిచే డబ్బా) పెట్టుకుని మొదటి 60 అడుగుల, అంటే 18 మీటర్ల, టైమ్ కూడా తీశాను.

ఉన్నవాటిలో మంచి పరుగు: 60 అడుగులు 2.81, మొత్తం 17.6, చివర్లో 128 కి.మీ. చెత్త పరుగులో 60 అడుగులకే 3.1 పట్టింది. చివరి వేగం మాత్రం ప్రతిసారీ 127, 128. అంటే ఇంజన్ తన పని తను చేస్తోంది, నేనే లాంచ్‌లో, అంటే నిలబడిన చోటి నుంచి బండిని లేపడంలో, తగలేస్తున్నాను.

ఇంజన్‌ను 3500 ఆర్‌పీఎం దగ్గర పట్టి క్లచ్ వదిలితే టైర్లు అరుస్తాయి, గోడ మీద కూర్చున్న పిల్లలు ఈలలు వేస్తారు, బండి మాత్రం కదలదు. 1800 దగ్గర వదిలితే ఇంజన్ చచ్చుబడిపోతుంది, టర్బో లేచేసరికి పక్క లేన్‌లో వాడు సగం దూరంలో ఉంటాడు. ఈ రెండింటి మధ్య ఏముందో నాకు దొరకడం లేదు.

ఎన్ని ఆర్‌పీఎం పెట్టాలి? గాలి ఎంత ఉంచాలి? మెత్తటి డ్రాగ్ టైర్లు కొనమని మాత్రం చెప్పకండి. రోజూ పాలమూరు ఆఫీసుకు పోయేది ఈ టైర్ల మీదే.

పానగల్ పిస్టన్ | నల్లగొండ | శనివారం రాత్రి 9:31

ఆర్‌పీఎం ఎంత అని అడిగావు కదా, ఇప్పుడు చూడు తమ్మీ. ఒకాయన 2500 అంటాడు, ఇంకొకాయన 4000 అంటాడు. ఇద్దరూ వాళ్ల వాళ్ల బండి సంగతి చెప్తారు. కొంచెం పనిలో ఉన్నా, తీరిగ్గా వచ్చి రాస్తా.

డిండి డీజిల్ | దేవరకొండ | శనివారం రాత్రి 9:33

2500.

మిల్లు రోడ్డు | మిర్యాలగూడ | శనివారం రాత్రి 9:40

4000 పెట్టు, ఒక్కసారిగా వదిలెయ్. కొంచెం స్పిన్ అయినా ఏం కాదు, పట్టుకుంటుంది. నా స్విఫ్ట్ 1.2తో ఎప్పుడూ అట్లనే చేస్తా, బండి బాణంలా పోతది.

పానగల్ పిస్టన్ | నల్లగొండ | శనివారం రాత్రి 10:25

చెప్పానా.

మిల్లు అన్నా, నీ స్విఫ్ట్‌కు 4000 నడుస్తుంది, కాదనను. టర్బో లేని 1.2 ఇంజన్, టార్క్ (తిప్పే బలం) 113 ఎన్‌ఎం, అదీ పైన ఎక్కడో వస్తుంది. కింద బలం లేదు కాబట్టి టైరు కాసేపు తిరిగి తనే తేరుకుంటుంది. బూస్టర్ బండికి 150 ఎన్‌ఎం, 1700 దగ్గరి నుంచే ఉంది. ఒకసారి స్పిన్ మొదలైతే టర్బో ఇంకా ఎగదోస్తుంది. కాలు తీస్తే తప్ప ఆగదు, కాలు తీస్తే బూస్ట్ పడిపోతుంది.

అసలు విషయం ఇది. ఫస్ట్ గేరులో ఈ బండి వెయ్యి ఆర్‌పీఎంకు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంది. నువ్వు 3500 దగ్గర పట్టుకుని కూర్చుంటే ఇంజన్ వైపు 27 కి.మీ. వేగం సిద్ధంగా ఉన్నట్టు. రోడ్డు వైపు సున్నా. ఈ తేడాను ఎవరో ఒకరు మింగాలి. క్లచ్ టక్కున వదిలేస్తే ప్లేటు పూర్తిగా పట్టేస్తుంది, అక్కడ జారేది ఏమీ ఉండదు. ఇక మిగిలింది టైరే. నాటుకు దున్నిన పొలంలో ట్రాక్టరును ఎగదోసినట్టే, చక్రం తిరుగుతుంది, బండి అక్కడే ఉంటుంది. అందుకే ఆ తేడాను క్లచ్‌తో మింగించాలి, అదీ కొంచెం కొంచెంగా.

నేను చేసేది రాస్తున్నా, నీ బండికి సరిచేసుకో.

2200 నుంచి 2500 మధ్య నిలకడగా పట్టు. క్లచ్‌ను బైట్ (ప్లేటు పట్టడం మొదలయ్యే చోటు) దొరికేదాకా గబుక్కున లేపు, ఖాళీ ప్రయాణానికి టైమ్ తగలేయొద్దు. బైట్ దొరికిన చోట పాదం ఆపెయ్. చాలామంది ఇక్కడే ఆపరు, పైకి లేపుతూనే ఉంటారు. అక్కడ ఆపితే బండి కదులుతుంది, ఆర్‌పీఎం పడబోతుంది, అప్పుడు కుడి కాలితో కొంచెం రేస్ కలిపి అంకెను అక్కడే నిలబెట్టు. బండి 15, 20 కి.మీ. అందుకున్నాక మిగతా క్లచ్ వదిలెయ్. అది పూర్తిగా పైకి వచ్చాకే యాక్సిలరేటర్‌ను కిందిదాకా నొక్కు, అదీ ఒక్క తన్నుతో కాదు, మెల్లగా దింపుతూ.

చెవి కూడా పని చేయాలి. టైరు సన్నగా కిర్రుమంటుంటే బాగున్నట్టు. గట్టిగా కీచుమంటే ఎక్కువైంది, యాక్సిలరేటర్ ఓ వేలెడు వెనక్కి తియ్యి, క్లచ్ జోలికి పోవద్దు. అసలు చప్పుడే లేకుండా ఇంజన్ గొంతు పడిపోతే ఎడమ కాలు తొందరపడింది. టైరు 10, 15 శాతం జారేటప్పుడే పట్టు ఎక్కువ ఉంటుంది కాబట్టి, బొత్తిగా జారకపోవడం కూడా నష్టమే.

ఇంటర్ ఫిజిక్స్ | మహబూబ్‌నగర్ | శనివారం రాత్రి 11:08

పిస్టన్ గారు చెప్పినదానికి నా వంతు లెక్క.

బలెనో ఆర్‌ఎస్ ఖాళీ బరువు 950 కిలోలు. మన తమ్ముడు 70 అనుకుంటే మొత్తం 1020. ఇందులో ముందు చక్రాల మీద 620 దాకా ఉంటుందనుకుందాం. వీల్‌బేస్ 2.52 మీటర్లు. గరిమనాభి భూమికి 0.55 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బండి 0.4 జీ (గురుత్వ త్వరణంలో 0.4 వంతు) త్వరణంతో ముందుకు దూకితే 1020 × 0.4 × 0.55 ÷ 2.52, అంటే 89 కిలోల బరువు ముందు నుంచి వెనక్కి పోతుంది. ముందు మిగిలేది 530. వెనక చక్రాలతో నడిచే బండికి ఇది కలిసొస్తుంది. మన బండ్లు ముందు చక్రాలతో నడుస్తాయి, పట్టు కావాల్సిన క్షణంలోనే పట్టు తగ్గుతుంది.

ఘర్షణ గుణకం 0.9 పెట్టి లెక్కేస్తే ఈ బండి ఎంత ప్రయత్నించినా 0.46 జీ దాటదు. అదే త్వరణంతో 18.3 మీటర్లు, టైమర్ మొదలవకముందు దొర్లే ఒక అడుగు దూరాన్ని మినహాయిస్తే, సుమారు 2.5 సెకన్లు. ఫస్ట్ గేరులో ఇంజన్ ఇంతకంటే ఎక్కువే తోయగలదు, హద్దు టైరుది. కాబట్టి తమ్ముడూ, నీ 2.81కీ 2.5కీ మధ్య ఉన్నదే నువ్వు కాలితో సంపాదించుకోగలిగింది. అంతకంటే తక్కువ కావాలంటే టైరో రోడ్డో మారాలి.

ఇంకో రెండు సంగతులు ఇదే లెక్కలోంచి వస్తాయి. 60 అడుగుల గీత దాటేటప్పటికి వేగం 46 కి.మీ. దగ్గర ఉంటుంది, అంటే నువ్వు ఇంకా ఫస్ట్ గేరులోనే ఉన్నావు. గేరు ఎంత వేగంగా మార్చాలా అనే గోల ఇప్పటికి పక్కన పెట్టు. ఇక 20 కి.మీ. వేగం అందుకోవడానికి పట్టేది సెకనుంపావు. బైట్ దగ్గర నీ ఎడమ కాలు నిలబడాల్సింది అంతసేపే. చిన్న సమయంలా ఉంటుంది కానీ, లైట్ల ముందు కూర్చున్నప్పుడు చాలా పెద్దది.

డిండి డీజిల్ | దేవరకొండ | శనివారం రాత్రి 11:11

సార్, ఇది పరీక్షలో వస్తుందా?

ఇంటర్ ఫిజిక్స్ | మహబూబ్‌నగర్ | శనివారం రాత్రి 11:14

ఎనిమిది మార్కులకు వస్తుంది. బొమ్మ గీయాలి.

షెడ్డు కాక | సూర్యాపేట | ఆదివారం ఉదయం 6:50

రాత్రంతా మీరు లెక్కలు రాశారు, బాగుంది. ఇప్పుడు ప్లేటు సంగతి కూడా వినండి.

క్లచ్ జారించమని అందరూ చెప్తారు. జారితే వేడి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ప్లేటుకూ ఫ్లైవీలుకూ ఎక్కుతుంది. 2000 దగ్గర వదిలినదానికీ 3000 దగ్గర వదిలినదానికీ వేడి ఒకటిన్నర రెట్లు అనుకుంటారు. కాదు, రెట్టింపు దాటుతుంది. లెక్చరర్ సారు ఉన్నాడు, అడగండి. నా దగ్గరికొచ్చే ఫ్లైవీళ్ల మీద నీలం మచ్చలు కనిపిస్తే చాలు, పిల్లగాడు ఏం చేసొచ్చాడో అడగాల్సిన పని లేదు.

పరుగుకూ పరుగుకూ మధ్య పది పదిహేను నిమిషాలు బండిని వదిలెయ్. బానెట్ లేపి పెట్టు. క్యూలో నిలబడినప్పుడు హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరపకు, న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరిని తొయ్యమను. క్లచ్‌ను కాల్చేది లాంచ్ కంటే ఈ క్యూనే. మాడిన వాసన వస్తే ఆ రోజుకు అయిపోయినట్టే. చల్లారాక మళ్లీ పట్టినట్టే ఉంటుంది కానీ బైట్ జాగా మారిపోయి ఉంటుంది, నువ్వు నేర్చుకున్నదంతా తప్పుతుంది.

ఇంకోటి. స్టీరింగ్ నిటారుగా ఉండాలి. చక్రం కొంచెం తిప్పి ఉండగా ఎగదోస్తే యాక్సిల్ జాయింట్ మీద పడుతుంది. టైరు పట్టి వదిలి, పట్టి వదిలి బండి ముందు భాగం టకటక ఎగిరిందనుకో, వెంటనే కాలు తియ్యి. దాన్ని భరించి పోనిస్తే యాక్సిలో మౌంటింగో చేతికొస్తుంది. స్పిన్‌తో ఏమీ విరగదు, ఆ ఎగరడంతోనే విరుగుతుంది.

బూస్టర్ బిడ్డా, నీకు అట్ల ఎగిరిందా?

జడ్చర్ల బూస్టర్ | జడ్చర్ల | ఆదివారం ఉదయం 8:05

ఎగిరింది కాకా. 3500 దగ్గర వదిలినప్పుడల్లా ఎగిరింది. టైరు స్పిన్ అంటే అట్లనే ఉంటదేమో అనుకున్న.

షెడ్డు కాక | సూర్యాపేట | ఆదివారం ఉదయం 8:09

స్పిన్ నున్నగా ఉంటది. ఎగిరిందంటే ఇంజన్ మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించుకో. 2018 బండి, మన రోడ్లు.

వనపర్తి ఎన్‌లైన్ | వనపర్తి | ఆదివారం మధ్యాహ్నం 12:20

నాది ఐ20 ఎన్ లైన్ మాన్యువల్. నాకు మొదట్లో అర్థం కాని సంగతి ఒకటి చెప్తాను, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా కంప్యూటర్ చూసుకునే ఏర్పాటు) ఉన్న బండి వాళ్లకు పనికొస్తుంది. మా బండిలో ఆ బటన్ ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది. మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే మొత్తం ఆగుతుంది. ఆన్‌లో ఉంటే స్పిన్ వాసన తగలగానే కంప్యూటర్ పవర్ కోసేస్తుంది, తిరిగి ఇవ్వడానికి బద్ధకిస్తుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద తప్ప ఎక్కడా ఆపకండి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు వాన పడితే ప్రాణం కాపాడేది అదే.

గాలి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ముందు టైర్లలో 26, వెనక 36 పెడతాను. ముందు తగ్గిస్తే రబ్బరు కొంచెం ఎక్కువ రోడ్డుకు ఆనుతుంది, వెనక పెంచితే తేలిగ్గా దొర్లుతుంది. ఒకేసారి దింపొద్దు అన్నా. 30తో మొదలుపెట్టి రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ 60 అడుగుల టైమ్ చూసుకో. టైమ్ బాగుపడటం ఆగిపోయిన చోట ఆపెయ్. అక్కడ 0.1 తగ్గితే చివర్లో 0.15 నుంచి 0.2 దాకా తగ్గుతుంది, ఇంజన్ మీద డబ్బు పెట్టి అంత తేవాలంటే చాలా ఖర్చు.

ఇంకా, చెప్పులతో కానీ లావు అడుగు ఉన్న స్పోర్ట్స్ షూతో కానీ బైట్ తెలియదు. పల్చటి అడుగున్న బూట్లు వేసుకో.

మిల్లు రోడ్డు | మిర్యాలగూడ | ఆదివారం మధ్యాహ్నం 12:48

26 ఏం సరిపోతది చెల్లె, 18కి దింపాలి. డ్రాగ్ వాళ్ల వీడియోల్లో చూడు, టైరు ముడతలు పడిపోతుంటది.

వనపర్తి ఎన్‌లైన్ | వనపర్తి | ఆదివారం మధ్యాహ్నం 1:15

అన్నా, ఆ టైరు పక్క గోడ ముడతలు పడటానికే చేస్తారు. మనది 55 ప్రొఫైల్, గట్టి గోడ. 18కి దింపితే నడిమి భాగం లోపలికి పోయి అంచులు మాత్రమే రోడ్డుకు ఆనుతాయి. నమ్మకపోతే టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, పది మీటర్లు నెమ్మదిగా నడిపి చూడు, ఎక్కడ చెరిగిందో అక్కడే ఆనుతున్నట్టు. పైగా 402 మీటర్ల చివర్లో 130 మీద పోతుంటావు, అప్పుడు బ్రేక్ వేయాల్సింది కూడా ఈ టైర్లతోనే.

గాలి కొలిచేది నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడు. అయిదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. మా వనపర్తిలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ పక్కన ఉన్న టైరు, నీడ పక్కన ఉన్న టైరు వేర్వేరు అంకెలు చూపిస్తాయి. గేజ్ సొంతంది కొనుక్కో, పంక్చర్ షాపులో గేజ్ మీద ఆధారపడొద్దు.

పానగల్ పిస్టన్ | నల్లగొండ | ఆదివారం మధ్యాహ్నం 2:02

ఎన్‌లైన్ చెప్పిందే నా మాట కూడా. ఒకటి కలుపుతా. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. మన ఎండలకు రబ్బరు గట్టిపడిపోతుంది, అరుగుదల లేకున్నా పట్టు పోతుంది. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే మాత్రం, ముందు అవి మార్చు, ఆ తర్వాతే కాలి సంగతి. కొనేటప్పుడు ట్రెడ్‌వేర్ అంకె చూసుకో. అది తక్కువైతే రబ్బరు మెత్తన, త్వరగా అరుగుతుంది. రోజువారీ టైర్ల మీద 400 లాంటి అంకెలు మామూలే, 300 దగ్గర ఉన్నవి ఆఫీసుకూ పనికొస్తాయి, ఇక్కడా పనికొస్తాయి.

రెడ్‌లైన్ రాజా | నకిరేకల్ | ఆదివారం సాయంత్రం 5:37

కొత్త మెంబర్‌ను. ఇదంతా చదివాక చెయ్యి దురద పెడుతోంది. నార్కట్‌పల్లి దాటాక హైవే రాత్రి రెండింటికి ఖాళీగా ఉంటది, అక్కడ ప్రాక్టీస్ చేద్దాం, ఎవరొస్తారు?

మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 5:52

రాజా, స్వాగతం. ఆ పోస్టు కింద ఇంకెవరూ రిప్లై ఇవ్వొద్దు.

రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్. మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా, 10,000 దాకా. అది ఒక పక్క. ఇంకో పక్క, రాత్రి రెండింటికి 65వ నంబర్ హైవే ఖాళీగా ఉండదు. విజయవాడ బస్సులుంటాయి, లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఉంటుంది, డివైడర్ సందులోంచి దాటే మనిషి ఉంటాడు. మీ బండి పాలసీ కాగితం కూడా తీసి చదవండి, రేసింగ్‌కూ స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద అయినా అంతే, అక్కడ విరిగితే మీ జేబే.

బైట్ పట్టుకోవడం నేర్చుకోవడానికి వేగం అక్కర్లేదు. ఆ విషయం మిల్లు రోడ్డు అన్న చెప్తే బాగుంటుంది, ఆయనకు జాగా ఉంది.

మిల్లు రోడ్డు | మిర్యాలగూడ | ఆదివారం రాత్రి 8:15

అవును, మా మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఉంది. సీజన్ లేనప్పుడు ఖాళీ. ముందు ఊడవాలి, ఊక ఉంటే టైరు ఐసు మీద ఉన్నట్టే.

పిల్లలకు నేర్పేది ఇట్ల: యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితో బండి కదిలించు, ఆపు. ఇంజన్ ఆగకుండా వచ్చేదాకా చెయ్. తర్వాత 1500 దగ్గర నిలబెట్టి, సూది కదలకుండా బండి కదిలించు. సూది కదలకపోతే కుడి కాలూ ఎడమ కాలూ ఒకదానికొకటి తెలిసినట్టు. అంతకంటే పైకి ఇక్కడ పోనీయను, గోడ దగ్గరే ఉంటది. 4000 అని నేను చెప్పింది నా స్విఫ్ట్ మాటే, దాని మీద మాత్రం తగ్గేది లేదు.

జడ్చర్ల బూస్టర్ | జడ్చర్ల | సోమవారం రాత్రి 9:44

కల్లానికి వస్తా అన్నా, ఫోన్ చేస్తా. ఇంకో రెండు అనుమానాలు. లైట్ల దగ్గర ఎప్పుడు కదలాలి? పచ్చ చూసి కదిలితే ఆలస్యం అవుతుందంటున్నారు. ఇంకా, కొందరు నీళ్లలో టైర్లు తిప్పి పొగ లేపుతారు కదా, అది చేయాలా?

పానగల్ పిస్టన్ | నల్లగొండ | సోమవారం రాత్రి 10:10

లైట్లు మామూలు ట్రీ (స్టార్ట్ లైట్ల స్తంభం) అయితే మూడు పసుపులు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి, ఆ తర్వాత ఇంకో అర సెకనుకు పచ్చ. మూడో పసుపు వెలగగానే కాలు కదలాలి. పచ్చ చూసి కదిలితే నీ కాలు, క్లచ్, బండి కదిలేదాకా పట్టే టైమ్ అంతా పక్కవాడికి దానం. పచ్చ పడకముందే చక్రం గీత దాటితే ఎర్ర లైటు, పరుగు పోయినట్టే.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. నీ 402 మీటర్ల టైమ్ పచ్చతో మొదలవదు, నీ ముందు చక్రం స్టేజ్ కిరణాన్ని (స్టార్ట్ గీత దగ్గర చక్రం అడ్డుకునే కాంతి కిరణం) వదిలినప్పుడు మొదలవుతుంది. నువ్వు పచ్చ పడ్డాక రెండు సెకన్లు నిద్రపోయినా చీటీలో టైమ్ మారదు, పక్కవాడు మాత్రం గెలుస్తాడు. ఇప్పుడు నువ్వు నేర్చుకుంటున్నది లాంచ్. కాబట్టి లైట్ల మీద టెన్షన్ పెట్టుకోకు, పచ్చ పడ్డాక ఊపిరి పీల్చుకుని, పాదం సరిచూసుకుని వదులు. ఎవరేమన్నా అననీ.

స్టేజ్ చేసేటప్పుడు, అంటే బండిని గీత దగ్గర నిలబెట్టేటప్పుడు, మొదటి బల్బు వెలిగాక అంగుళం అంగుళం జరిగి, రెండోది వెలిగీ వెలగగానే ఆపు. ఇంకా ముందుకు పోకు. అట్ల ఆపితే కిరణం వదిలేలోపు చక్రం కొంచెం దొర్లుతుంది, టైమర్ మొదలయ్యేసరికి బండి కదలికలో ఉంటుంది. ఆ చోట ఆగడానికి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచు, వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి ముందు చక్రాలకు అడ్డం రాదు. బటన్ నొక్కి పట్టుకుని ఉండు, కదిలేటప్పుడు దింపెయ్.

వనపర్తి ఎన్‌లైన్ | వనపర్తి | సోమవారం రాత్రి 10:31

నీళ్ల సంగతి: పోవద్దు అన్నా, పక్క నుంచి తిప్పుకుని పో. ఆ నీళ్లు గాళ్లు లేని నున్నటి టైర్లకు. మన టైరు గాళ్లలో నీళ్లు నిలబడి సరిగ్గా స్టార్ట్ గీత మీద కారతాయి. నీ లేన్ నువ్వే తడిపినట్టు, నీ వెనక వచ్చేవాడి లేన్ కూడా. పొడి జాగాలో ఒక్కసారి చిన్నగా తిప్పి టైరుకు అంటిన రాళ్లు, దుమ్ము రాల్చుకో, చాలు. ఎక్కువ వేడెక్కితే రోడ్డు టైరు జిగురు పోయి జిడ్డుగా అయిపోతుంది.

ఎక్కడ నిలబడాలో కూడా చూసుకో. ముందుగా దిగి నడిచి చూడు. ముందు పోయిన బండ్ల నల్ల గీతలు ఉన్నచోట నీ చక్రాలు రెండూ పడాలి. మనకు ఓపెన్ డిఫరెన్షియల్, ఒక చక్రం దుమ్ములో ఉంటే రెండో దానికి పట్టు ఉన్నా లాభం లేదు.

డిండి డీజిల్ | దేవరకొండ | మంగళవారం ఉదయం 7:20

నా 2500 మీద ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నా. ఫిగో 1.5 డీజిల్, 215 ఎన్‌ఎం. డీజిల్ వాళ్లు నేను చెప్పిన 2500 కూడా పెట్టకండి, 1800 చాలు. టార్క్ ఒక్కసారిగా మీద పడుతుంది. మీది పెట్రోల్ కదా అని మీకు 2500 చెప్పాను. పిస్టన్ అన్న కూడా చివరికి చెప్పింది అదే కదా, కాకపోతే పేజీన్నర రాశాడు.

ఏసీ ఆపండి, స్టెప్నీ, జాకీ, డిక్కీలో ఉన్న సామాను దింపండి. మే నెలలో పోతే టైమ్ చూసి ఏడవకండి. 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే ఎనిమిది శాతం పల్చన. టర్బోకు ఇంటర్‌కూలర్ వేడెక్కడం అదనం. పొద్దున్నే మొదటి స్లాట్ దొరికితే వదలొద్దు.

జడ్చర్ల బూస్టర్ | జడ్చర్ల | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:50

మళ్లీ వెళ్లొచ్చాను. ముందే చెప్పాలి, వెళ్లేముందు షెడ్డు కాక దగ్గర బండి లేపించాం. ఇంజన్ కింది మౌంటింగ్ రబ్బరు చీలిపోయి ఉంది. చేత్తో ఇంజన్‌ను ఊపితే గియర్ లివర్ లోపల ఊగేది. అది మార్చాక ఎగరడం చాలావరకు పోయింది.

గాలి ముందు 27 దగ్గర ఆగింది, 25కి దించితే లాభం కనిపించలేదు. ఆర్‌పీఎం 2400. కుడివైపు లేన్‌లో 2.57, మొత్తం 17.2. ఎడమ లేన్‌లో మాత్రం 2.7 కిందికి రాలేదు, అక్కడ ఇసుక ఎక్కువుంది. చివరి వేగం ఇప్పుడూ 128.

బైట్ దగ్గర పాదం ఆపడం అన్నింటికంటే కష్టం. కల్లంలో వచ్చేసింది, లైట్ల ముందు మళ్లీ పోయింది. మడమను నేలకు ఆనించి పాదం ముందు భాగంతోనే లేపితే ఆగుతోంది. అది ఎవరూ చెప్పలేదు, ఎవరికైనా పనికొస్తుందేమో.

ఒక అనుమానం మిగిలింది. ఫస్ట్ నుంచి సెకండ్‌కు మార్చగానే టైరు మళ్లీ ఒకసారి కీచుమంటుంది. గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ తీయకుండా మారుస్తున్నాను, దానివల్లనా?

షెడ్డు కాక | సూర్యాపేట | సోమవారం ఉదయం 6:40

యాక్సిలరేటర్ తీయకుండా మారుస్తున్నావా? సెకండ్ గేరు నున్నగా పడేలా చేసే సింక్రోనైజర్ ఖరీదు ఎంతో తెలుసా బిడ్డా? గేర్‌బాక్స్ దించాలి దానికి. కాలు సగం తీసి మార్చు, కీచు కూడా పోతది. మౌంటింగ్ మార్చి వెయ్యి కిలోమీటర్లు అయ్యాక బోల్టులు ఒకసారి బిగించాలి, ఈ ఆదివారం తీసుకురా. పదకొండు దాటితే నేనుండను, పెళ్లికి పోవాలి.

జడ్చర్ల బూస్టర్ | జడ్చర్ల | సోమవారం ఉదయం 8:02

తొమ్మిదికల్లా షెడ్డు ముందుంటా కాకా.